గడ్డపార ఖంగుమన్న చోటే తవ్వండి

గుంతే ఆఫీసు

నా ఉద్యోగ జీవితంలో సగం నేలమట్టానికి కింద గడిచింది. మట్టి సర్వే పని అంటే అదే. మనిషి నిలబడేంత గుంత తవ్వించాలి, అందులోకి దిగాలి, గోడకు ముఖం పెట్టి పైనుంచి కిందికి ఒక్కో పొరా చూస్తూ రాసుకోవాలి. ఐదడుగుల లోతు దాకా తవ్వాలని, మధ్యలో రాయి తగిలితే అదే చోట పగలగొట్టి చూడాలని నియమం. దారిన పోయేవాళ్లకు మన తల ఒక్కటే కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, మోతె దగ్గర, ఒక ముసలావిడ ఆగి గుంతలోకి తొంగి చూసింది.

"ఎవరన్న పోయిండ్రా బిడ్డా?" అంది.

"ఇంకా లేదవ్వా. ఎండ జూస్తే నేనే పోయేటట్టున్న" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. మజ్జిగ ఇచ్చింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నాలుగు మాటలు రాసిపెట్టమన్నారు. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చింది ఒకటే, అది కూడా పొరపాటున వచ్చిందని మా ఆవిడ అనుమానం. ఫైళ్ల గురించి రాయను, చదివేటప్పుడు మీకు నిద్ర రావడం నాకిష్టం లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే సిగ్గు ఒక పాలు, సంతోషం మూడు పాళ్లు కలుగుతాయి. ఎందుకంటే ఆ తప్పు వెనకాలే నా జీవితంలో నేను చూసిన అతి గొప్ప నేల ఉంది.

ముందు మా పెద్దాయన్ను పరిచయం చేయాలి. మూర్తి గారు, గుంటూరు వైపు మనిషి, మా సర్వేకు పెద్ద. ఎనభైలలో మా ఆఫీసు సూర్యాపేటలో ఉండేది, మట్టి పరీక్షలు చేసే గది మిర్యాలగూడలో. గదికి అటూ ఇటూ రైస్ మిల్లులు. కిటికీ తెరిస్తే ఊక బూడిద, మూస్తే ఉక్కపోత. మనుషులం కాబట్టి తెరిచేవాళ్లం. ఒక సీజను మొత్తం, వేములపల్లి నుంచి వచ్చిన ప్రతి పొలం మట్టిలోనూ పొటాష్ పుష్కలంగా ఉందని తేలింది. రైతులు సంబరపడ్డారు. ఆ పొటాష్ ఊక బూడిదలోదని, కిటికీలోంచి వచ్చి మా పళ్లేల్లో పడుతోందని ఒక రోజు మూర్తి గారు కనిపెట్టారు.

"ఏవయ్యా యాదగిరీ, మనం పరీక్షించింది పొలాన్నా, మిల్లు పొగ్గొట్టాన్నా?"

"రెండూ సార్. ఒకే ఖర్చుల రెండు పనులు" అన్నాను నేను.

"నీ జోకులు ఆ గుంతల్లోనే పూడ్చి రావయ్యా."

అయినా అన్ని నమూనాలూ మళ్లీ తెప్పించి, కిటికీ మూసి, చెమటలు కక్కుతూ మళ్లీ చేయించారు. మంచి అధికారి. ఒక్కటే లోపం: రోజుకు ఆరు గుంతలు పూర్తి కావాల్సిందే అనేవారు. ఆరు అనే అంకె మీద ఆయనకు ఎందుకంత ప్రేమో నాకు ఇప్పటికీ తెలియదు.

పైన ఇసుక, కింద పళ్లూడిన దవడ

కోదాడ నుంచి కృష్ణా నది వైపు పోయే దారిలో ఒక అడవి ముక్కను మాకు అప్పగించారు. అక్కడ జామాయిల్ తోట పెంచాలని అటవీ శాఖ ఆలోచన. మట్టి ఎలాంటిదో చెప్పాలి, అంతే.

నేల చూడగానే ముచ్చటేసింది. ఎర్రటి పొడి ఇసుక. ఆ ఊళ్లల్లో దుబ్బ నేల అంటారు. అడుగు వేస్తే చెప్పులోకి దూరుతుంది, తీస్తే జలజలా కారిపోతుంది. వాన పడితే అరగంటలో నీటి జాడ ఉండదు. బురద లేదు, వాగు లేదు, చెంబెడు నీళ్లు నిలిచిన మడుగు లేదు. అంత నీరూ ఎక్కడికి పోతోందని నేను ఆ రోజున అడగలేదు. బూట్లకు బురద అంటడం లేదన్న ఆనందంలో ఉన్నాను.

మీరు నాలాగా మోసపోకుండా ఆ నేల గుట్టు ఇప్పుడే విప్పుతాను. కింద ఉన్నది సున్నపురాయి. అడవిలో రాలిన ఆకుల మీదుగా దిగిన వాననీరు కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాయిని నెమ్మదిగా కరిగిస్తుంది. కరిగినది నీటితో పాటు పగుళ్లలోకి పోతుంది. కరగనిది, అంటే రాయిలో కలిసి ఉన్న ఇసుక, ఎర్రమన్ను, పైన మిగిలిపోతుంది. మనం తొక్కుతున్న ఒక్క అడుగు మందం ఇసుక మిగలడానికి ఎన్ని అడుగుల రాయి మాయమై ఉండాలో ఒక్కసారి ఊహించండి! నాకు ఇప్పటికీ ఆ ఊహకు ఒళ్లు పులకరిస్తుంది. మా ఆవిడ మాత్రం, "అయితే బియ్యంల ఇసుక గూడ గట్లనే మిగుల్తదా?" అని అడిగింది. కాదని చెప్పాను, అది కొట్టువాడి కళ.

అసలు చిక్కు ఇక్కడుంది. రాయి అంతటా ఒకేలా కరగదు. పై ఇసుకంతా తీసేసి చూడగలిగితే, కింద రాయి సగం పళ్లు ఊడిన ముసలి దవడలా ఉంటుంది. ఒకచోట పన్ను పైకి లేచి ఉంటుంది, పక్కనే లోతైన సందు. ఆ సందుల్లో ఇసుక నిండి, పైన అంతా చదునుగా, అమాయకంగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక మొక్కకు ఆరడుగుల మట్టి దొరికితే, పది అడుగుల అవతల ఇంకో మొక్కకు మోకాలి లోతు కూడా దొరకదు. దానికితోడు పై అడుగులో సున్నం అంతా నీటితో కొట్టుకుపోయి ఉంటుంది కాబట్టి పరీక్షకు చిక్కదు. మట్టి మీద యాసిడ్ చుక్క వేస్తే, సున్నం ఉన్న మట్టి బుస్సుమని పొంగుతుంది. పై ఇసుక నోరు మెదపదు.

ఇక నా తప్పు. మా పద్ధతిలో గుంత ఎక్కడ తవ్వాలో మ్యాపు మీద గళ్లు గీసి ముందే నిర్ణయిస్తారు. చుక్క ఎక్కడ పడితే అక్కడ తవ్వాలి, మనిష్టం కాదు. అడవి అంచున ఉన్న తండా నుంచి లచ్చు నాయక్ అనే అతను తవ్వడానికి వచ్చేవాడు. నా కంటే నాలుగైదేళ్లు పెద్ద. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసి మోసి నడుము పాడై, తిరిగి తండాకు వచ్చినవాడు. మొదటి రోజు రెండో గుంత దగ్గర గడ్డపార ఖంగుమంది.

"సారూ, గీడ రాయున్నది."

"ఎంత లోతుల?"

"మోకాలు దాక గూడ రాలె."

"అయితే జర పక్కకు జరుపు."

"ఎంత పక్కకు?"

"గడ్డపార దిగేంత పక్కకు."

లచ్చు నా వంక చూశాడు. "రాయి గీడుంటె, గాడ తవ్వి లేదని రాస్తరా?" అన్నాడు.

"గాడ తవ్వితే గాడ ఉన్నదే రాస్త. అబద్ధమేమున్నది?" అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

ఆ విధంగా ఖంగుమన్న ప్రతి గుంతా పక్కకు జరిగింది. రోజుకు ఆరు పూర్తయ్యాయి. గడ్డపార సులువుగా దిగింది ఎక్కడ? దవడలో పళ్లు లేని చోట. నేను ఆ అడవి మొత్తంలో సందులను మాత్రమే ఏరి ఏరి చూసి, ఈ నోట్లో పళ్లే లేవని రాశాను. 'లోతైన ఎర్ర ఇసుక నేల. సున్నం లేదు. నీరు బాగా ఇంకును. జామాయిల్‌కు మిక్కిలి అనుకూలము.' ఆ 'మిక్కిలి' నేనే పెట్టాను. మూర్తి గారు గుంతలు చూడకుండానే సంతకం చేశారు. ఆరు చొప్పున లెక్క సరిపోయింది కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మధ్యాహ్నం అన్నం లచ్చు ఇంట్లోనే. అతని భార్య ద్వాళి పప్పు వండేది. అది ఎంతకూ ఉడికేది కాదు.

"వదినా, ఇది పప్పా, నా నమూనాల సంచిల నుంచి తీసినవా?" అన్నాను ఒకరోజు.

"మా బాయి నీళ్లు గంతే. పొద్దుగాల పొయ్యి మీద పెడితే పొద్దూకినంక గూడ గట్లనే ఉంటది" అంది ఆమె, చిన్నబుచ్చుకుని.

బావినీళ్లలో సున్నం ఎక్కువైతే పప్పు ఉడకదు. ఏడో తరగతి పిల్లవాడికి తెలుస్తుంది. నేను సాక్ష్యాన్ని వారం రోజులు నమిలి, దాని మీద జోకులు వేసి, చేయి కడుక్కున్నాను.

పసుపెక్కిన తోట

రెండేళ్లయింది. తోట పెరిగింది. లచ్చును దానికి కాపలాదారుగా పెట్టుకున్నారు. అప్పుడు సూర్యాపేట ఆఫీసుకు కోదాడ వైపు అటవీ శాఖ రేంజర్ గారి నుంచి కబురు. తోటలో అక్కడక్కడా మొక్కలు పసుపెక్కుతున్నాయి, ఎండిపోతున్నాయి. కాపలాదారు పని చేయకపోవడమే కారణమని ఆయన నిశ్చయం. మట్టిలో ఏ లోపమూ లేదని మేము ఒక కాగితం ఇస్తే, సోమవారం తనిఖీలో లచ్చును తీసేస్తారట.

"పోయి చూసి రావయ్యా. ఒక్క లైను రాసిస్తే అయిపోతుంది" అన్నారు మూర్తి గారు.

శనివారం పొద్దున కోదాడలో బస్సు దిగి, కిరాయి సైకిలు మీద పోయాను. రేంజర్ గారు తోట దగ్గరే ఉన్నారు. ఇస్త్రీ మడత నలగని ఖాకీ, మీసానికి కూడా ఇస్త్రీ చేసినట్టుండేది.

"చూడండి మీరే. నీళ్లు పొయ్యడు, మేకల్ని తోలడు, నిద్రపోతా ఉంటాడు" అన్నారు.

"మేకలు కొరికితే ఆకు పోతది గద సారు, పసుపెట్లయితది?" అన్నాడు లచ్చు మెల్లగా.

"నువ్వు మాట్లాడకు. మట్టి బాగుందని వీళ్ల కాగితమే ఉంది. మట్టి బాగుండి, వాన బాగుండి, మొక్క బాగా లేదంటే మిగిలిందెవరు? నువ్వే గదా!"

తర్కంలో వంక పెట్టడానికి లేదు. పునాది నేను వేసింది కదా.

రేంజర్ గారు జీపులో వెళ్లిపోయాక లచ్చు నా దగ్గరకు వచ్చాడు. బతిమాలలేదు. "సారూ, సోమవారం నా నౌకరి పోతే మళ్ల మిల్లులకే పోవాలె. బస్తా ఎత్తితే గీ నడుము ఇగ లేవదు. మీరు ఉన్నదే రాయుండ్రి, లేంది రాయకుండ్రి. గంతే" అన్నాడు.

నేను నవ్వుతూ ఏదో అనబోయాను. మొదటిసారి నాకు ఏ జోకూ దొరకలేదు. చింతించకండి, కాసేపే.

పసుపు మొక్కల దగ్గర కూర్చుని చూశాను. ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ఎవరో ఓపిగ్గా బొమ్మ గీసినట్టు. అది సున్నం ఎక్కువైన చోట వచ్చే జబ్బు. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. గబగబా పై మట్టి తీసి యాసిడ్ చుక్క వేశాను. నిశ్శబ్దం. ఇంకోచోట వేశాను. నిశ్శబ్దం. పది చోట్ల వేసినా ఆ ఇసుక నన్ను పట్టించుకోలేదు. నా పాత రిపోర్టే గెలుస్తోంది. జీవితంలో ఒక్కసారైనా నా రిపోర్టు ఓడిపోవాలని నేను కోరుకున్నది ఆ రోజే.

తెల్ల పుట్ట, ఎర్ర పుట్ట

మధ్యాహ్నం లచ్చు ఇంటికి పోయాను. ద్వాళి గోడకు తెల్లటి మట్టి పూస్తోంది. ఆరిన భాగం ఎండలో మెరుస్తోంది.

"వదినా, సున్నం ఎక్కడ కొన్నవు?"

"సున్నమా? కొనెటోళ్లమేనా మేము? పుట్ట మన్ను."

"ఏ పుట్ట?"

"తోటల చెదపుట్టలు లేవా? వానకు కిందికి జారిన మన్ను ఎత్తుకొస్త. పుట్టను కొట్ట, పాపం." గొంతు తగ్గించింది. "రేంజర్ సారుకు చెప్పకుండ్రి. అడవిల మన్ను దెస్తే కేసంటరు."

"పుట్టలన్ని ఎర్రగ గద ఉంటయి?"

ఆమె చేయి ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. మట్టి చదువు చదివినవాడు ఇతనేనా అన్నట్టు. "పచ్చ చెట్ల కాడియి ఎర్రగుంటయి. అయి గోడకు రావు. పసుపు చెట్ల కాడియే తెల్లగుంటయి. ఎన్నేండ్ల సంది తెస్తున్న, నాకెర్క లేదా?"

అన్నం పళ్లెం అక్కడే పెట్టి పరుగెత్తాను. "పప్పు మీద గంత కోపమేంది?" అని వెనక నుంచి ఆమె అరుస్తూనే ఉంది.

పసుపు మొక్కల మధ్య పుట్ట. నిజమే, తెల్లగా, బూడిదలో పాలు పోసినట్టు. చుక్క వేశాను. బుస్సుమంది! నురగ! ఇంకో పుట్ట. బుస్సు! పచ్చటి మొక్కల వైపు ఉరికి అక్కడి ఎర్ర పుట్ట మీద వేశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. నేను ఆ దుబ్బలో గెంతానని లచ్చు తర్వాత తండాలో అందరికీ చెప్పాడు. గెంతలేదు. కొద్దిగా ఎగిరాను.

చెదపురుగు తేమ కోసం లోతుకు పోతుంది, అక్కడి మన్ను నోట కరచుకుని పైకి తెచ్చి పుట్ట కడుతుంది. కింద మెత్తటి తెల్ల సుద్ద ఉంటే పుట్ట తెల్లన, ఎర్రమన్ను ఉంటే ఎర్రన. చెదపురుగులు రాయి తగిలితే పక్కకు జరిగి, పైఅధికారికి తెలియకుండా రాసుకోవు. వాటికి రోజుకు ఆరు గుంతల నియమం లేదు. ప్రతి పుట్టా ఒక గుంత రిపోర్టే. తోట నిండా రిపోర్టులు నిలబడి ఉన్నాయి, సంతకంతో సహా. నేను వాటికి ఆనుకుని కూర్చుని బీడీ కాల్చిన రోజులున్నాయి.

పొద్దుగూకే లోపల లచ్చూ నేనూ తోటంతా తిరిగాం. తెల్ల పుట్ట కనబడితే నేను మ్యాపు మీద సున్నా చుట్టడం, ఎర్ర పుట్టకు గీత పెట్టడం. సున్నాలన్నీ పసుపు మొక్కల మీదే పడ్డాయి. ఒక తెల్ల పుట్ట పక్కన లచ్చు గడ్డపార వేశాడు. అడుగున్నర ఇసుక, దాని కింద తెల్ల సుద్ద గడ్డలు, వాటి కింద రాయి. ఖంగుమంది.

"పక్కకు జరపాల్నా సారూ?" అన్నాడు లచ్చు.

"జరపకు" అన్నాను.

"గప్పుడే చెప్పిన గద."

"చెప్పినవ్. నేను యిననే లేదు."

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీరు తరచుగా చెప్పాల్సి వచ్చే వాక్యం ఇది. ముందే సాధన చేసుకోండి. మొదటిసారి గొంతులో అడ్డం పడుతుంది.

మిర్యాలగూడలో ఆదివారం

మర్నాడు పొద్దున మిర్యాలగూడ బస్సెక్కాను. ఒళ్లో రెండు సంచులు, ఒకటి తెల్ల మన్ను, ఒకటి ఎర్ర మన్ను. మూర్తి గారు ఆదివారం కూడా పరీక్షల గదిలోనే ఉంటారు. భార్యకు చిక్కకుండా ఉండటానికని మేం అనుకునేవాళ్లం, సైన్సు కోసమని ఆయన అనేవారు.

మొత్తం చెప్పాను. గుంతలు జరిపిన సంగతి దాచలేదు. ఆయన తెల్ల మన్ను పళ్లెంలో పోసి చుక్క వేసి, అది పొంగడం చూశారు.

"ఎన్ని గుంతలు జరిపావు?"

"మూడో వంతన్న ఉంటయి సార్."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఆరు అన్నరు సార్. ఏడో మాటకు చోటు లేకుండె."

పళ్లెం విసురుతారనుకున్నాను. నేలమీద ఒలికితే ఊడ్చాల్సింది నేనే కాబట్టి కాస్త వెనక్కి జరిగాను. ఆయన విసరలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఊక బూడిద, తుడిచినా పోదు.

"కొత్త రిపోర్టు రాయవయ్యా. పాతది తప్పని రాయి. ఎందుకు తప్పో రాయి. గుంతలు జరిపించింది నువ్వని రాయి, చూడకుండా సంతకం పెట్టింది నేనని రాయి. నా పేరు ముందు రాయి."

"మీ పేరెందుకు సార్, చిన్నోన్ని, నేను మోస్త."

"మోయడానికి ఇదేం బియ్యం బస్తానా? పెద్దవాడి పేరు ముందుంటే చిన్నవాడి ఉద్యోగం ఉంటుంది. రాయి."

నేను పని చేసిన పై అధికారుల్లో మంచివాళ్లూ ఉన్నారు, తెలివైనవాళ్లూ ఉన్నారు. తన సంతకం తప్పని తన చేత్తో రాయించిన వాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. మీకు అలాంటివాడు దొరికితే, ఆయన మీద జోకులు తగ్గించండి. పూర్తిగా మానొద్దు, ఆరోగ్యానికి మంచిది కాదు.

సోమవారం

పొద్దున్నే తెల్ల పుట్ట పక్కన ఒక గుంత, ఎర్ర పుట్ట పక్కన ఒక గుంత తవ్వించాం. మూర్తి గారు స్వయంగా వచ్చారు. తండా వాళ్లు కొంత దూరంలో నిలబడ్డారు, ద్వాళి ముందు వరసలో. రేంజర్ గారి జీపు వచ్చింది. ఆయన చేతిలో లచ్చును తీసేస్తున్న కాగితం, సంతకం ఒక్కటే తక్కువ.

"మట్టి బాగుందని రాసి తెచ్చారా?" అన్నారు.

"బాగాలేదని రాసి తెచ్చామండీ. మా తప్పు. ఒకసారి గుంతలోకి దిగండి" అన్నారు మూర్తి గారు.

ఇస్త్రీ బట్టలతో గుంతలోకి దిగడం చిన్న త్యాగం కాదు. దిగారు. పై అడుగున్నర ఎర్ర ఇసుక మీద చుక్క వేశాను: నిశ్శబ్దం. కింద సుద్ద పొర మీద వేశాను: బుస్సు. నురగ గోడకు ఆనించిన ఆయన బొటనవేలి దాకా వచ్చింది.

"ఇదేంటండీ, సోడానా?" ఆయన గొంతు మారిపోయింది. "నన్ను వేయనివ్వండి ఒకసారి."

వేశారు. మళ్లీ వేశారు. పైకి ఎక్కి రెండో గుంతలోకి దూకారు, అక్కడా వేశారు. ఐదడుగులూ ఎర్ర ఇసుకే, కిక్కురుమనలేదు. ఆ గుంత పక్కన జామాయిల్ పచ్చగా, నిటారుగా ఉంది. లచ్చును తీసేసే కాగితాన్ని రేంజర్ గారు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"మరి పసుపెక్కిన చోట ఏం పెట్టాలి?"

"ఏముండెనో గదే పెట్టుండ్రి సారు. వేపలు, సీతాఫలాలు. కొట్టేయక ముందు రాయి మీదనే మంచిగుండె" అన్నాడు లచ్చు.

"నిజమే సార్. వాటికి సున్నమంటే భయం లేదు, పగుళ్లల్ల వేరు దింపుకుంటయి" అన్నాను.

రేంజర్ గారు తలూపి, హఠాత్తుగా నా వైపు తిరిగారు. "అది సరే. రెండేళ్ల కింద కనబడంది మొన్న శనివారం మధ్యాహ్నం మీకెట్టా కనబడింది? ఎవరు చూపించారు?"

ద్వాళి కొంగు సర్దుకుంది. ఆమె పేరు చెబితే మొగుడి ఉద్యోగం నిలిచి పెళ్లాం మీద కేసవుతుంది. కాపలాదారు ఇంట్లోనే అడవి మన్ను అంటే మొగుడి ఉద్యోగమూ నిలవదు.

"చెదపురుగులు సార్" అన్నాను.

"చెదపురుగులా?"

"అవును సార్. రిపోర్టుల గూడ గట్లనే రాసినం."

మూర్తి గారు దగ్గారు. ఎండ ముదిరింది, రేంజర్ గారు మంచినీళ్లు కావాలన్నారు. దగ్గరలో ఉన్నది లచ్చు ఇల్లే. అరుగు మీద కూర్చుని, చెంబు ఎత్తి నీళ్లు తాగి, హాయిగా వెనక గోడకు ఆనుకున్నారు. లేచేసరికి ఖాకీ చొక్కా వీపంతా తెలుపు. తండా మొత్తం ఆ వీపును చూసింది.

ఆయన భుజం దులుపుకున్నారు. చేతికి అంటిన తెలుపును వేళ్ల మధ్య నలిపి చూశారు. గోడ వంక చూశారు. యాసిడ్ సీసా ఇంకా ఆయన చేతిలోనే ఉంది. కొత్త ఆటబొమ్మ దొరికినవాడు ఊరుకోగలడా? మూత తీసి గోడ మీద ఒక చుక్క వేశారు.

బుస్సుమంది.

లచ్చు కళ్లు నేల మీద. ద్వాళి కళ్లు నా మీద. మూర్తి గారు ఆకాశంలో ఏదో నేల పొర ఉన్నట్టు పైకి చూస్తున్నారు.

రేంజర్ గారు గోడ మీద నురగ చల్లారేదాకా చూశారు. సీసాకు మూత బిగించి నా చేతికిచ్చారు. జేబులోంచి మడిచిన కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి అరుగు మీద పెట్టారు.

"లచ్చూ, రేపు పొద్దున్నే డ్యూటీకి రా. మొక్కలతో పాటు ఆ పుట్టలు కూడా చూసుకోవాల ఇక నుంచి. అక్కడ ఎవరన్నా మన్ను ఎత్తుతా కనబడితే వెంటనే పట్టుకొచ్చి నాకు చూపించు."

"చూపిస్త సారు" అన్నాడు లచ్చు.

రేంజర్ గారు తెల్లటి వీపుతోనే జీపెక్కి వెళ్లిపోయారు. లచ్చు ఆ తోటకు చాలా ఏళ్లు కాపలా ఉన్నాడు. రోజూ పుట్టలన్నీ తిరిగి చూసేవాడు, చాలా శ్రద్ధగా. ఒక్కరు కూడా దొరకలేదు.